వెంకటాద్రిలో సైకిల్, పూతలపట్టు మీదుగా చిత్తూరు

గురువారం, కాచిగూడ

సైకిల్‌ను రైల్లో తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు లగేజీకి, పార్సిల్‌కి తేడా తెలుసుకోవాలి. మన టిక్కెట్టు చూపించి లగేజీగా బుక్ చేస్తే మనం ఎక్కే బండిలోనే బ్రేక్‌వ్యాన్‌లో, అంటే సామాన్ల పెట్టెలో వస్తుంది. పార్సిల్‌గా ఇస్తే అదే బండిలో రావాలని లేదు, వెనకాల ఇంకేదో బండిలో రేపో ఎల్లుండో రావచ్చు. స్లీపర్లో 40 కిలోల దాకా సామాను ఉచితం, నా సైకిల్ 14 కిలోలే కదా, బోగీలోకి ఎక్కించేస్తానంటే కుదరదు, బెర్తు కింద పట్టనిది ఏదైనా బ్రేక్‌వ్యాన్‌కే పోవాలి. మడత సైకిల్ అయితే వేరే మాట.

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రికే అయినా రెండు మూడు గంటలు ముందే వెళ్లాను. పెడళ్లు విప్పి సంచీలో వేసుకున్నా, లైటు, బెల్లు, నీళ్ల సీసా తీసేశా, గొలుసు దగ్గరి పళ్లచక్రానికి అట్టముక్క కట్టి, పేరు, ఫోన్ నంబరు, దిగే ఊరు రాసిన కాగితాలు ఒకటి హ్యాండిల్‌కి, ఒకటి సీటు కింద అంటించా. రెండు చోట్ల ఎందుకంటే ఒకటి ఊడిపోతుంది, ఎప్పుడూ ఊడిపోతుంది. రసీదు చేతికొచ్చాక ఇక చేసేదేమీ లేదు, 1916లో కట్టిన ఆ స్టేషన్ గుమ్మటాల కింద కూచుని టీ తాగడమే.

ఇంతకీ ఎందుకంటే, మాది చిత్తూరు, 1976 టెన్త్ బ్యాచ్. యాభై ఏళ్లయిందని ఆదివారం అందరూ కలుస్తున్నారు. ఎవరెలా వస్తున్నారో గ్రూపులో రాయమంటే ఒకడు ఫ్లైటు, ఒకడు ఇన్నోవా, ఇంకొకడు అల్లుడి కారు అని రాశారు. నేను తిరుపతి దాకా రైలు, అక్కణ్నుంచి సైకిల్ అని రాస్తే పొద్దున్నుంచీ నవ్వే బొమ్మలే. ఒకడు మాత్రం సీరియస్‌గా విడిగా ఫోన్ చేసి, "ఏమైనా ఇబ్బందుల్లో ఉండావా, మొహమాటపడొద్దు" అన్నాడు. మన దగ్గర అరవై దాటినవాడు సైకిల్ తొక్కుతున్నాడంటే రెండే కారణాలు, డబ్బులు లేకపోవడమో డాక్టరు చెప్పడమో. నాకు రెండూ కాదు. రిటైరయ్యాక కొనుక్కున్నా, ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాకు వచ్చాక అలవాటు ముదిరింది, అంతే.

పక్క బెర్తు ఆయన సంగతంతా విని, "చిత్తూరులో అద్దెకు దొరకవా?" అన్నాడు. అద్దె సైకిల్! ఆ మాట విని ఎన్నాళ్లయిందో.

శుక్రవారం, తిరుపతి

రాత్రి గద్వాల రాకముందు కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన చప్పుళ్లు నిద్రలోనే విన్నాను. మెలకువ వచ్చేసరికి రాజంపేట అయిపోయింది. కోడూరు దగ్గర అరటి, బొప్పాయి తోటలు, వాటి వెనక శేషాచలం కొండలు. కిటికీ పక్కన కూచుని టీ తాగడానికి ఈ లైనులో ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

రేణిగుంట నుంచే టెన్షన్ మొదలు. వెంకటాద్రి చివరి స్టేషన్ చిత్తూరు, నేను దిగేది తిరుపతి. మనం దిగి, సైకిల్ దిగకపోతే అది నాకంటే ముందు రీయూనియన్‌కి వెళ్లిపోతుంది. అందుకే రేణిగుంటలో బండి కదలగానే సంచీ భుజానేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, తిరుపతిలో ఆగీ ఆగగానే బ్రేక్‌వ్యాన్ వైపు నడక, పరుగు కాని పరుగు. వెళ్లేసరికి రెండు పూల బుట్టలు, ఒక మోటార్‌సైకిల్ తర్వాత నాదీ దిగింది. సీటు కింద కాగితం ఉంది, హ్యాండిల్ మీది కాగితం లేదు.

ప్లాట్‌ఫారం చివర పెడళ్లు బిగిస్తుంటే గుండు చేయించుకున్న కుర్రాళ్లు నలుగురు చుట్టూ చేరారు. "అంకుల్, దీంతో కొండెక్కుతారా?" లేదు నాయనా, ఆ పని కాళ్లతోనే, అలిపిరి మెట్ల మీదే.

అక్క వాళ్లది కొర్లగుంట. గుమ్మంలోనే అందుకుంది. "ఒరే అబ్బోడా, నీ పెండ్లాం ఎట్టా పంపించిందిరా ఇట్టా?" పంపించలేదక్కా, వద్దందని చెప్పా. "మంచిదే చెప్పింది" అని ఇడ్లీలు పెట్టింది. బావ మాత్రం బయటికొచ్చి టైరు నొక్కి చూసి, గేర్లు ఎన్నని అడిగి, ఏడంటే, "మా కాలంలో ఒకటే, ఎదురుగాలొస్తే దిగి నెట్టడం" అన్నాడు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. ఎస్వీ యూనివర్సిటీలో చదివినన్నాళ్లూ సైకిలే ఆయనకు, అప్పుడు ప్రకాశం రోడ్డు దాటితే చీకటేనంటాడు.

సాయంత్రం కపిలతీర్థం దాకా, అలిపిరి గరుడుడి దాకా ఊరికే ఒక చుట్టు వేశాను. ఊరి మీద శ్రీనివాస సేతు ఇప్పుడు, 2023లో తెరిచారు. కార్లు, బస్సులు పైకెళ్లిపోతే కింద సైకిల్‌కు కొంచెమైనా చోటుంటుందనుకున్నా. ఆ చోటంతా ఆటోలు. అలిపిరి దగ్గర నిలబడి ఘాట్ రోడ్డు మీద దిగే బస్సుల లైట్లు చూశాను. కిందికి దిగే రోడ్డు పాతది, 1944లో వేసింది. ఎక్కే రోడ్డు 1974ది, అది తెరిచినప్పుడు మా తెలుగు సార్ క్లాసులో ఇక కొండకు పోయే బండి, వచ్చే బండి ఒకదానికొకటి ఎదురుపడవని చెప్పిన సంగతి ఇంకా గుర్తుంది.

శనివారం, తిరుపతి నుంచి చిత్తూరు

ఇది అసలు రోజు. డెబ్భై కిలోమీటర్లు, చంద్రగిరి, కాశిపెంట్ల, నేండ్రగుంట, పేటమిట్ట, పూతలపట్టు, చిత్తూరు. నా వేగానికి గంటకు పద్నాలుగు, పదిహేను. ఎక్కువ తొక్కితే మోకాళ్లు ఆ రోజు ఏమీ అనవు, మర్నాడు అంటాయి. అందుకని అరగంటకోసారి దిగడం, రెండు గుక్కల నీళ్లు, నడుం అటూ ఇటూ తిప్పడం, మళ్లీ ఎక్కడం. చీకటి ఉండగానే బయల్దేరాను. జనవరి చివర, మంచు కురుస్తోంది. అక్క మఫ్లర్ కట్టి, చపాతీలు, చెనిగ్గింజల పొడి సంచీలో కుక్కింది.

చంద్రగిరి చేరేసరికి వెలుతురు. కోట గేటు ఇంకా తెరవలేదు, రాజమహల్‌ను దూరం నుంచే చూశా. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మేడ. మద్రాసు పుట్టుక కథలో 1639 దగ్గర ఈ చంద్రగిరి పేరు తప్పకుండా వస్తుంది. చిన్నప్పుడు స్కూలు నుంచి విహారయాత్రకు ఇక్కడికే తెచ్చారు, మీటర్‌గేజ్ బండిలో. అప్పుడు చిత్తూరు మీద నడిచేవన్నీ ఆ చిన్న పట్టాల బండ్లే. పాకాల జంక్షన్‌లో ఇంజను నీళ్లు పట్టుకునేంతసేపు మేం దిగి వడలు తినేవాళ్లం. ఆ రోజు కోటలో ఏం చూపించారో అస్సలు గుర్తులేదు, వడలు గుర్తున్నాయి.

చంద్రగిరి దాటాక రోడ్డు బాగా వెడల్పు. నునుపుగా ఉంటుంది కానీ సైకిల్‌వాడికి విసుగు, ఎందుకంటే ఊళ్లన్నీ పక్కకు జరిగిపోయాయి, ఏ ఊరు దాటామో బోర్డు చూస్తేనే తెలుస్తుంది. వీలున్న చోటల్లా హైవే దిగి పక్కనున్న పాత రోడ్డు పట్టుకున్నా. దాని పక్కన చింతచెట్లు ఇంకా కొన్ని మిగిలాయి, ఒక అంగడి ముందు బొరుగులు, మిరపకాయ బజ్జీలు. దారంతా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. కారులో అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్లకు ఆ వాసన తెలియదు. ఇక్కడ ఎక్కువ తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. జూన్, జూలైలో ఈ రోడ్డంతా కాయల ట్రాక్టర్లే ఉంటాయి, రేటు పడిపోయిన ఏడాది రైతులు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లోనే పడుకుంటారు. టీ అంగడి దగ్గర ఒక రైతును పూత ఎలా ఉందని అడిగితే, "పూత ఎప్పుడూ బాగానే ఉంటాది సామీ, కాయ అమ్మేటప్పుడే కష్టం" అన్నాడు.

నేండ్రగుంట ఇంకా రాకముందే వెనక టైరు మెత్తబడింది. సర్కారు తుమ్మ ముల్లు, అంగుళం పొడవు. రోడ్డు పక్క మోటార్‌సైకిళ్ల పంక్చర్ షాపు కుర్రాడు ట్యూబు చూసి, "ఇదేంది, నాజిల్ ఇంత సన్నం ఉంది?" అన్నాడు. ఇలాంటి సైకిళ్లతో దూరం పోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి, కొన్నిటికి సన్న వాల్వు ఉంటుంది, దారిలో షాపుల గొట్టం దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, వేలి గోరంత, నేను దాన్ని ఇంటి తాళంచెవుల గుత్తికే తగిలించుకుంటా. అది చూసి కుర్రాడికి ముచ్చటేసింది. ప్యాచ్ వేసి డబ్బులు తీసుకోనన్నాడు. వాళ్ల తాత చిత్తూరులో సైకిల్ షాపులో పని చేశాడట, ఏ షాపో వాడికి తెలియదు. డబ్బులు స్టూలు మీద పెట్టి వచ్చేశా.

పేటమిట్ట దాటాక ఒక పొలంలో పొగ, బెల్లం వాసన. గానుగ ఆడుతోంది. చెరుకు పిప్పి పొయ్యిలోకి తోస్తూ ఒకాయన, పెద్ద పెనంలో తెడ్డుతో తిప్పుతూ ఇంకొకాయన. వేడి పాకం ఇంకా పూర్తిగా బెల్లం కాకముందు ముద్దలా ఉంటుంది చూడండి, అది ఆకులో వేసిచ్చారు. నోరు కాలినా ఆగలేకపోయాను.

"కాణిపాకానికి మొక్కుబడా?"

కాదు, రీయూనియన్ అన్నా. అర్థం కాలేదు. బడిలో చదువుకున్నోళ్లమంతా కలుస్తున్నామంటే, "దానికి సైకిలెందుకప్పా?" దీనికి జవాబు వాళ్లకు కాదు, మా ఆవిడకే ఇంతవరకూ సరిగ్గా చెప్పలేకపోయాను. మొక్కుబడే అనుకోండి అన్నా. అప్పుడు ఇంకో ముద్ద పెట్టారు, ప్రయాణానికి మంచిదని.

పూతలపట్టు కూడలి నుంచి చిత్తూరు దాకా కొంచెం ఎత్తుపల్లాలు, పైగా ఎండ నెత్తికెక్కింది. ఇక్కడ కొంతదూరం దిగి నడిచాను. దిగి నడవడానికి సిగ్గుపడేవాళ్లు ఈ వయసులో సైకిల్ జోలికి రాకపోవడమే మంచిది. నీవా నది దగ్గరికొచ్చి చూస్తే పిచ్చిచెట్లు, సన్నటి మురికి ధార, మాకు ఈత నేర్పిన ఏరు ఇదేనంటే మనవడు నమ్మడు. గాంధీ రోడ్డులో లాడ్జి. మంచం మీద పడ్డాక మళ్లీ సాయంత్రానికే లేచాను.

ఆదివారం, బడి

ఫ్లెక్సీలో అందరి ముఖాలూ గుండ్రంగా కత్తిరించి పెట్టారు. పై వరుసలో పోయినవాళ్లు, దండలతో సహా. ఆ వరుస నేననుకున్నదానికంటే పొడుగ్గా ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, ఒక నిమిషం నిలబడి టిఫిన్‌కి పోయాం.

మొదటి గంటా ఇలాంటి చోట్ల ఎలా ఉంటుందో తెలిసిందే. ఎక్కడ స్థిరపడ్డావు, పిల్లలు ఏ దేశంలో, ఎన్ని స్టెంట్లు, షుగర్ ఎంత. కార్ల వరుస చివర నా సైకిల్ స్టాండు వేసి ఉంది. దాని దగ్గరికి ఒకడొచ్చాడు, ఇంకొకడొచ్చాడు, కాసేపటికి షామియానా కింద కుర్చీల్లో ఉన్నవాళ్లకంటే ఇక్కడే జనం ఎక్కువ. అప్పుడు మాటలు మారాయి. ఎవరి అల్లుడు ఎక్కడున్నాడో వదిలేసి, ఎవడికి సొంత సైకిల్ ఉండేది అనే లెక్క మొదలైంది. వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లంతా గంటల లెక్కన అద్దె సైకిళ్లే, మడ్‌గార్డు మీద పెయింటుతో నంబరేసినవి. షాపాయన నోటుబుక్కులో పేరు, నాన్న పేరు రాసుకుని, గోడ గడియారం చూసి ఇచ్చేవాడు. సీటు అందదు కాబట్టి కడ్డీలోంచి కాలు దూర్చి అరతొక్కుడు. మునిసిపాలిటీ బిళ్ల లేకపోయినా, రాత్రి లైటు లేకపోయినా, డబుల్స్ పోయినా పోలీసు పట్టుకుని గాలి తీసేసేవాడు. అట్లాస్ గొప్పా హెర్క్యులస్ గొప్పా అని యాభై ఏళ్ల కిందటి తగువు మళ్లీ లేచింది. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతబడిందని, అది సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవమని నేను చెబితే అట్లాస్ పక్షంవాళ్లు కాసేపు నొచ్చుకున్నారు.

లెక్కల సార్‌ను వాళ్ల అబ్బాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తొంభైకి దగ్గర్లో ఉన్నారు. కాళ్లకు మొక్కితే పేరు అడగలేదు, సైకిల్ చూశారు. రోజూ పెనుమూరు వైపు పల్లె నుంచి రాలీ మీద వచ్చేవారు ఆయన, పంచెకు క్లిప్పు పెట్టుకుని.

"ముందు పళ్లెన్ని?"

నలభై రెండు సార్.

"వెనక?"

చిన్నదానికి పద్నాలుగు, పెద్దదానికి ఇరవై ఎనిమిది.

"చక్రం చుట్టుకొలత?"

రెండు మీటర్ల పది సెంటీమీటర్లు అనుకోండి సార్.

"ఒక తొక్కుకు ఎంత పోతావు?"

చుట్టూ రిటైరైన ఇంజనీరు, బ్యాంకు మేనేజరు, తహసీల్దారు, అందరం నోళ్లు మూసుకున్నాం. బెల్లం మండీ నడిపేవాడు చెప్పాడు, "చిన్నదానిలో మూడు చుట్లు, ఆరు మీటర్ల ముప్పై. పెద్దదానిలో చుట్టున్నర, మూడు మీటర్ల పదిహేను." సార్ తల ఊపి, "అయితే ఎగువకు పెద్దది" అన్నారు. టెన్త్‌లో లెక్కలు తప్పిన ఒకే ఒక్కడు వాడు.

డబుల్స్ గురించి చెప్పాలి. అది మావాడొకడి పేరు. వాడికి సైకిల్ ఉండేది కాదు, అద్దెకూ తీసుకునేవాడు కాదు, ఎప్పుడూ ఎవడో ఒకడి క్యారియర్ మీద. ఇప్పుడు లారీలున్నాయి, అందరికంటే పెద్ద కారు వాడిదే. వచ్చీ రాగానే అలవాటు ప్రకారం నా క్యారియర్ మీద చెయ్యి వేశాడు. ఒరే, అది పాతిక కిలోలకే, నీకు సరిపోదు అన్నా. "అయితే నువ్వే గ్రౌండులో ఒక రౌండు కొట్టు, చూస్తాం" అన్నారు వాడితో అందరూ. మోకాలి ఆపరేషన్ అయినవాడు కూడా పంచె ఎగ్గట్టి రౌండు కొట్టి వచ్చాడు. డబుల్స్ మాత్రం ఫోన్ వచ్చిందని పక్కకు పోయాడు. అన్నానికి కూర్చున్నప్పుడు, రాగి సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు మధ్యలో, నా చెవి దగ్గర చెప్పాడు. "నాకు సైకిల్ రాదురా. అప్పుడూ రాదు." ఇన్నేళ్లలో ఒక్కడికీ అనుమానం రాలేదు. వీడు పిసినారి, అద్దె డబ్బులు మిగుల్చుకుంటున్నాడని అనుకునేవాళ్లం.

మోపెడ్ నడుపుతావు కదరా అంటే, "దానికి మోటారుంది, అది పోతాది, నేను పడేలోపల" అన్నాడు.

సోమవారం, కాణిపాకం

తెల్లవారుజామున బయల్దేరాం. మండీవాడు మనవడి సైకిల్ మీద, మోకాలివాడు పాలబ్బాయి దగ్గర అడిగి తెచ్చిన నల్ల సైకిల్ మీద, డబుల్స్ మోపెడ్ మీద, వెనకాల లైటు వేస్తూ. పన్నెండు కిలోమీటర్లే. చెరుకు తోటల మధ్య చలి. నల్ల సైకిల్ వాడు సగం దారి నుంచి అలిసిపోతే మండీవాడు మార్చుకున్నాడు.

వినాయకుడు బావిలో వెలిశాడంటారు, విగ్రహం చుట్టూ ఎప్పుడూ నీళ్లుంటాయి, ఏటేటా పెరుగుతుందంటారు, పాత వెండి కవచం ఇప్పుడు పట్టదని చూపిస్తారు. పక్కన బాహుదా, తమ్ముడి తెగిన చేతులు ఈ ఏట్లో మునిగితే తిరిగొచ్చాయని కథ. కానీ మా వైపు కాణిపాకం అంటే అన్నిటికంటే ముందు ప్రమాణాలు. అప్పు ఎగ్గొట్టినవాణ్ని, దొంగతనం ఒప్పుకోనివాణ్ని "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటే సగం తగువులు ఊళ్లోనే తీరిపోతాయి. మావాళ్లు నన్ను గుడి ముందు నిలబెట్టారు. తిరుపతి నుంచి మొత్తం తొక్కే వచ్చినావా, మధ్యలో ఏ ఆటోలోనో వేసుకొచ్చినావా, చెప్పు. పూతలపట్టు తర్వాత కొంచెం దూరం నడిచానని ముందే చెప్పి ప్రమాణం చేశా. నడక లెక్కలోకి రాదని తీర్పు.

తిరుగు దారిలో డబుల్స్ మోపెడ్ ఆపి, ఒక ఖాళీ లేఔట్ చూపించాడు. ప్లాట్ల రాళ్లు పాతారు, ఇల్లు ఒక్కటీ లేదు, తారు రోడ్డు మాత్రం ఉంది. "ఈడ ఎవురూ చూడరు" అన్నాడు.

సీటు బాగా దించాం, రెండు కాళ్లూ నేలకు ఆనేలా. పెద్దవాళ్లకు నేర్పేటప్పుడు వెనక పట్టుకుని పరిగెత్తడం దండగ, మన నడుం పోతుంది. పెడళ్లు విప్పేసి, వాలు మీద కాళ్లతో నెట్టుకుంటూ పోనిస్తే ముందు బ్యాలెన్స్ వస్తుంది, తొక్కడం తర్వాత. నా రెంచి ఎలాగూ సంచీలోనే ఉంది. మండీవాడు ఆ వైపు, నేను ఈ వైపు. రెండుసార్లు రాళ్ల మీదికి పోయాడు, ఒకసారి ముళ్ల కంపలోకి. మాకు నవ్వాగలేదు, వాడు మాత్రం నవ్వలేదు, చొక్కా దులుపుకుని మళ్లీ వాలు పైకి సైకిల్‌ను తోసుకుంటూ పోయాడు. మేం టిఫిన్‌కి ఆలస్యమవుతోందని గొణిగే సమయానికి కాళ్లు పైకెత్తి పదిహేను, ఇరవై గజాలు పోయాడు. పెడళ్లు బిగించాం కానీ ఆ రోజుకు అంతకంటే ముందుకు సాగలేదు.

సాయంత్రం చిత్తూరు స్టేషన్‌లో మళ్లీ అదే తంతు, కాగితాలు, అట్టముక్క, రసీదు. ఇక్కడ బండి మొదలయ్యేది కాబట్టి హడావుడి లేదు, ఎక్కించేది కళ్లారా చూసుకోవచ్చు. డబుల్స్ ప్లాట్‌ఫారం మీదికొచ్చి, ఎంత ఎత్తు కొనాలి, గేర్లు కావాలా, సీటు మెత్తగా ఉంటే మంచిదేనా అని ఒకటే ప్రశ్నలు. గేర్లు ఇప్పుడే వద్దు, సీటు మరీ మెత్తగా ఉంటే కూచున్న చోట ఒరుసుకుంటుంది, కడ్డీ మీదుగా నిలబడితే రెండు వేళ్ల సందుండాలి, అన్నీ చెప్పా. పక్కనే కారు డ్రైవరు కూడా శ్రద్ధగా వింటున్నాడు.

హైదరాబాద్ వచ్చిన కొన్నాళ్లకు వాళ్లావిడ ఫోన్ చేసింది. "అన్నా, మీరేనా ఈయనకు సైకిల్ పిచ్చి పట్టించింది? పొద్దున్నే ఐదుకు లేచి, తలుపు చప్పుడు కాకుండా పోతావుండారు. మోచెయ్యి కొట్టుకోనొచ్చినారు. ఏమని అడిగితే బాత్రూములో జారినానంటారు." నేనేమీ చెప్పలేదు. "కాణిపాకంలో ప్రమాణం చేయిస్తా ఇద్దరితోనూ" అని పెట్టేసింది.